గోపాలపూర్ రోడ్డులో ఒకే టికెట్టు: ముగ్గురు బస్సు ఓనర్ల మధ్య పంపకం ఎలా కుదిరింది

ఒడిశాలోని బరంపురం నుంచి గోపాలపూర్‌కి సుమారు 16 కిలోమీటర్లు. ఈ రోడ్డు మీద ముగ్గురు ప్రైవేటు ఓనర్లు బస్సులు తిప్పుతున్నారు. ఏళ్ల తరబడి ఒకరి ప్యాసింజర్‌ని ఇంకొకరు ఎగరేసుకుపోతూ వచ్చిన ఈ ముగ్గురూ ఇప్పుడు ఒకరి టికెట్టు మరొకరి బస్సులో చెల్లేలా ఒప్పందం చేసుకున్నారు. బస్సులకు ఒకే రంగు వేయించారు. ఆ పనిలో లెక్కల భాగం నాది. టికెట్ మిషన్లు పెట్టించడం, ట్రిప్ షీట్లు సరిచూడడం, రాత్రికి ఎవరి వాటా ఎంతో తేల్చడం నా వృత్తి. ఓనర్ల పేర్లు రాయడం లేదు. వాళ్లను పెద్దాయన, రెండో ఆయన, ఒంటి బస్సు ఆయన అంటాను. పెద్దాయనకు బస్సులు ఎక్కువ, రెండో ఆయనకు కాస్త తక్కువ, మూడో ఆయనకు ఒక్కటే.

ఒకే రంగు, ఒకే టికెట్టు అనగానే అందరూ పెయింటు గురించీ, కార్డు గురించీ, యాప్ గురించీ మాట్లాడతారు. మా దగ్గర అసలు తగువంతా వచ్చిన డబ్బు ఎవరిదన్న దగ్గరే నడిచింది. అది తేలకముందు వేసిన రంగు నిలవలేదు. చిన్న ఊళ్లలో ఇలాంటి ప్రయత్నం చేయాలనుకునే వాళ్లకు ఈ ఒక్క సంగతి వివరంగా తెలియాలని రాస్తున్నాను.

రోడ్డు మీద పరిస్థితి

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పటికీ బజారులో ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. గోపాలపూర్ తీరంలో చేపలు పట్టే నోలియాలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్లలో పెద్దవాళ్లు చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బస్సు ముందు బోర్డు వాళ్లకు పనికిరాదు. ఈ సంగతి తర్వాత రంగు దగ్గర పెద్ద విషయమైంది.

పొద్దున గోపాలపూర్ నుంచి ఊళ్లోకి వచ్చేది చేపల గంపలతో ఆడవాళ్లు, ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వచ్చే రోగులు, ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు. అదే వేళకి ఊళ్లోంచి ఎదురు వెళ్లేది భంజ విహార్‌లో యూనివర్సిటీకి వెళ్లే పిల్లలు. ఆదివారం సాయంత్రం సముద్రం చూడటానికి వెళ్లే కుటుంబాలు. అంటే రెండు వైపులా గిరాకీ ఉన్న రోడ్డు ఇది. ఇలాంటి రోడ్డులో నష్టం రాకూడదు. అయినా ముగ్గురూ నష్టమనే అనేవాళ్లు.

కారణం దూరం నుంచి చూసినా తెలిసిపోయేది. డ్రైవరుకీ కండక్టరుకీ బత్తాతో పాటు కలెక్షన్ మీద కమిషన్ ఉండేది. అందుకని నిండేదాకా బస్సు స్టాండు వదలదు. వదిలాక ముందు బండిని దాటి తీరాలి. రెండు బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని గోపాలపూర్ చేరతాయి. ఆ తర్వాత చాలాసేపు ఏ బస్సూ రాదు. ఆ ఖాళీలో షేర్ ఆటోలు జనాన్ని ఎత్తుకుపోతాయి. నెల పాసు కొన్న విద్యార్థి ఎదురుగా రెండు బస్సులు వెళ్లిపోతున్నా తన పాసు చెల్లే మూడో బస్సు కోసం ఎండలో నిలబడాలి. ఓనర్లు ఒకరి మీద ఒకరు చెప్పుకున్న ఫిర్యాదులన్నీ నిజమే. కానీ వాళ్ల డబ్బు పోతున్నది పక్క ఓనరు జేబులోకి కాదు, ఆటోల్లోకి. మొదటి మీటింగులో నేను చెప్పింది ఇదొక్కటే.

రోడ్డు మీద ఇలా పోటీ పడటం మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. బ్రిటన్‌లో లండన్ తప్పించి మిగతా ఊళ్లలో 1986 అక్టోబరు 26 నుంచి బస్సు రూట్లను పోటీకి వదిలేశారు. ఒకే స్టాపు దగ్గర ఇద్దరు ఆపరేటర్ల బస్సులు, ఒకరి టికెట్టు ఇంకొకరికి చెల్లకపోవడం అక్కడా చాలా ఏళ్లు నడిచింది. ఆక్స్‌ఫర్డ్‌లో పోటీ పడే రెండు పెద్ద కంపెనీలు 2011లో టైమింగులు సర్దుకుని, ఒకరి టికెట్టు ఒకరు ఒప్పుకోవడం మొదలుపెట్టాయి. రెండూ ప్రైవేటువే, ఎవరి కంపెనీ వాళ్లదే. మా ఓనర్లకు ఈ ఉదాహరణ బాగా నచ్చింది. ప్రభుత్వం వచ్చి తమ బస్సులు తీసుకుపోకుండానే ఇది చేయొచ్చన్న ధైర్యం అక్కడ వచ్చింది.

డబ్బు ఎవరిది

పంపకానికి మూడు దారులున్నాయి. మూడూ కాగితం మీద వేసి చూపించాను.

మొదటిది, టికెట్టు ఎవరు కోస్తే డబ్బు వాళ్లదే. రిటర్న్ టికెట్టు, పాసు మాత్రం అందరి బస్సుల్లో చెల్లుతుంది. ఇది వినడానికి తేలిక, లెక్క కూడా అక్కర్లేదు. చిక్కేమిటంటే, పొద్దున గోపాలపూర్‌లో మొదటి బస్సు ఎవరిదైతే రిటర్న్ టికెట్లన్నీ వాళ్లే కోస్తారు. సాయంత్రం ఆ జనాన్ని ఇంటికి మోసే బస్సుకు డీజిల్ ఖర్చు మాత్రమే మిగులుతుంది. సాయంత్రం ట్రిప్పులు ఎక్కువ ఉన్న రెండో ఆయన కాగితం చూసిన వెంటనే పక్కన పెట్టేశారు.

రెండోది, అంతా ఒక చోట వేసి ఎక్కించిన తలల లెక్కన పంచుకోవడం. ఇది కొంత న్యాయమే. కానీ తలకింత అన్నాక తలల కోసం మళ్లీ పరుగే. రంగు ఒకటి, టికెట్టు ఒకటి, రేసు మాత్రం పాతదే.

మూడోది, అంతా ఒక చోట వేసి, టైముకి తిప్పిన కిలోమీటర్ల లెక్కన పంచుకోవడం. 2004 జూలై 1న సియోల్ నగరం చేసింది ఇదే. అక్కడ బస్సులు ప్రైవేటు కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి. రూట్లు, టైమింగులు నగర ప్రభుత్వం చేతిలోకి వెళ్లాయి. వసూళ్లు ఒక చోటికి చేరి, కంపెనీలకు నడిపిన కిలోమీటర్లను బట్టి చెల్లింపు జరుగుతుంది. మన భువనేశ్వర్‌లో 2018 నవంబరు 6న మో బస్ పేరుతో మొదలైన సర్వీసులోనూ బస్సులు నడిపేది కాంట్రాక్టు ఆపరేటర్లే, జనానికి కనపడేది ఒకే పేరు, ఒకే టికెట్టు. కాకపోతే రెండు చోట్లా వెనక ప్రభుత్వ డబ్బు ఉంది. లోటు వస్తే ఖజానా భరిస్తుంది. మా ముగ్గురి వెనక ఎవరూ లేరు. పూర్తిగా కిలోమీటర్ల లెక్క పెడితే కండక్టరుకి స్టాపులో జనం కనపడటం మానేస్తారు. ఖాళీ బస్సు టైముకి వెళ్లి టైముకి వస్తుంది, వాటా మాత్రం పూర్తిగా తీసుకుంటుంది.

అందుకని రెండూ కలిపాం. పూల్‌లోకి, అంటే అందరి వసూళ్లూ వేసే ఉమ్మడి ఖాతాలోకి వచ్చిన డబ్బులో 75 శాతం కిలోమీటర్ల మీద, 25 శాతం ఎక్కించిన తలల మీద. లెక్క ఎలా పనిచేస్తుందో తేలికైన అంకెలతో చెప్తాను. ఇవి అసలు వసూళ్లు కావు, నమూనా అంకెలు.

ఒక రోజు పూల్ 32,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 320 కిలోమీటర్లు తిరిగాయి, 1,000 మంది ఎక్కారు. 75 శాతం అంటే 24,000, కిలోమీటరుకి 75 రూపాయలు పడుతుంది. మిగతా 8,000లో తలకి 8 రూపాయలు. పెద్దాయన 160 కిలోమీటర్లు తిప్పి 500 మందిని ఎక్కిస్తే 12,000కి 4,000 కలిపి 16,000. రెండో ఆయన 128 కిలోమీటర్లు, 350 మంది: 9,600కి 2,800 కలిపి 12,400. ఒంటి బస్సు ఆయన 32 కిలోమీటర్లు, 150 మంది: 2,400కి 1,200 కలిపి 3,600. మూడూ కూడితే 32,000.

ఆ 8 రూపాయల దగ్గరే మా చర్చ ఎక్కువ నడిచింది. స్టాపులో చెయ్యెత్తిన ఇద్దరిని వదిలేయాలంటే మనసొప్పదు, అలాగని ముందు బండిని ప్రమాదకరంగా దాటి మరీ ఎక్కించుకునేంత లాభమూ లేదు. మా రోడ్డుకి ఆ మధ్య మార్గం 25 శాతం దగ్గర కుదిరింది. స్టాపులు దగ్గర దగ్గరగా ఉండి, దిగేవాళ్లు ఎక్కేవాళ్లు ఎక్కువుండే ఊరి నడిబొడ్డు రూట్లో ఈ వాటా వేరుగా ఉండాలి.

అన్నిటికన్నా మొండిగా అడ్డం పడ్డది పెద్దాయన పొద్దుటి టైమింగు. కాలేజీ వేళకి బయల్దేరే బండి ఆయనది. పర్మిట్‌తో పాటు ఆర్టీయే (బస్సు పర్మిట్లు ఇచ్చే ప్రాంతీయ రవాణా సంస్థ) ఇచ్చిన టైము అది. ఆ ఒక్క ట్రిప్పులో వచ్చేది మధ్యాహ్నం ట్రిప్పులు రెండిట్లో కూడా రాదు. కిలోమీటర్ల లెక్కలో నిండు బండికీ ఖాళీ బండికీ ఒకే రేటు. "నా టైమింగు నా ఆస్తి. దాన్ని అందరికీ ఎందుకు పంచాలి?" అన్నారాయన. అన్యాయమైన ప్రశ్న కాదు అది. ఆ టైము కోసం ఆయన ఏళ్లు తిరిగారు.

దానికి జవాబు చెప్పాలంటే ఆయన పాత వసూళ్లు ఎంతో తెలియాలి. ముగ్గురి పాత పుస్తకాలూ నమ్మదగ్గవి కావు. పక్కవాడికి చూపే పుస్తకంలో కలెక్షన్ తక్కువ, బస్సు అమ్మేటప్పుడు చూపే దాంట్లో ఎక్కువ. అందుకని పూల్ మొదలుపెట్టకముందే అన్ని బస్సుల్లో ఒకే రకం మిషన్లు పెట్టి, కొన్నాళ్లు ఎవరి డబ్బు వాళ్లే తీసుకునేలా నడిపించాం. ఆ రోజుల సరాసరి ఎవరిదెంతో బయటికొచ్చాక, మొదటి సంవత్సరం ఎవరి వాటా ఆ సరాసరి కన్నా తగ్గినా మిగతా ఇద్దరూ సగం లోటు భర్తీ చేయాలని రాసుకున్నాం. పెద్దాయన సంతకం పెట్టింది ఈ షరతు మీదే. ఎక్కడైనా ఈ పని చేయాలనుకునే వాళ్లు ఈ కొన్నాళ్ల విడి లెక్కను మాత్రం వదలకండి. అది లేకపోతే తర్వాత వచ్చే ప్రతి గొడవా పాత రోజుల జ్ఞాపకాల మీద నడుస్తుంది.

ఒంటి బస్సు ఆయనకు భయం వేరు. పెద్దవాళ్లిద్దరూ కలిసి తనని మింగేస్తారేమోనని. ఆయనకి అంకెల కన్నా బాగా అర్థమైంది చీటీ లెక్క. చీటీలో అందరి డబ్బూ ఒకరి దగ్గర చేరుతుంది, అయినా పుస్తకం అందరి ముందూ తెరిచి ఉంటుంది కాబట్టి నమ్మకం నిలుస్తుంది. రాత్రి లెక్క ముగ్గురి ఫోన్లకూ ఒకేసారి వెళ్లాలనీ, నిబంధన మార్చాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలనీ, బస్సుల సంఖ్యను బట్టి ఓట్లు ఉండకూడదనీ ఆయనే పట్టుబట్టారు. అది మంచిదైంది. రెండో ఆయన కూడా లోపల అదే కోరుకున్నారు, పైకి అనలేదు.

కమిషన్ తీసేశాక

ఓనర్లు కుదిరినంత మాత్రాన రోడ్డు కుదరదు. బస్సు నడిపేది వాళ్లు కాదు కదా. డ్రైవరు, కండక్టరుల కమిషన్ పాత పద్ధతిలోనే ఉంటే పూల్ లెక్క ఆఫీసులోనే ఆగిపోతుంది. కలెక్షన్ మీద కమిషన్ పూర్తిగా తీసేసి, దాని బదులు జీతం పెంచి, టైముకి పూర్తి చేసిన ట్రిప్పుకి ఇంత అని పెట్టాం. స్టాపు వదిలేసినట్టు తేలితే ఆ ట్రిప్పు డబ్బు పోతుంది.

కండక్టర్లు మొదట ఒప్పుకోలేదు. వాళ్ల వైపు న్యాయం ఉంది. పండగ రోజుల్లో కమిషన్ బాగా వచ్చేది, ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు కట్టేవాళ్లున్నారు. రద్దీ రోజులకు విడిగా అదనపు బత్తా ఒప్పుకున్నాకే పని ముందుకు కదిలింది. డ్రైవర్లు మాత్రం త్వరగా మారారు. దాటాలన్న టెన్షన్ లేదు, వెనక నుంచి కండక్టరు బెల్లు మీద బెల్లు కొట్టడం లేదు. ఒక పెద్ద వయసు డ్రైవరు నాతో, "ఇప్పుడు అద్దంలో వెనక బండి కనపడితే కాలు బ్రేకు మీదే ఉంటోంది బాబూ, ఇదివరకు యాక్సిలేటర్ మీదికి పోయేది" అన్నాడు. ఈ పనంతటిలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన మాట అది. ఈ రోడ్డు మీద మా పిల్లలు కూడా తిరుగుతారు.

టికెట్టు కోయకుండా డబ్బు జేబులో వేసుకోవడం అన్నది బస్సు ఉన్నంత కాలం ఉండే సమస్య. పూల్‌లో దాని రూపం మారుతుంది. ఇదివరకు కండక్టరు తన ఓనరుని మోసం చేసేవాడు, ఇప్పుడు ముగ్గురినీ చేస్తాడు. పైగా సొంత ఓనరే చూసీ చూడనట్టు ఊరుకునే ప్రమాదం ఉంది, ఎందుకంటే పోయేదాంట్లో తన వంతు కొంతే. అందుకని ఎవరి చెకింగ్ మనిషి వాళ్ల బస్సు ఎక్కకూడదని పెట్టాం. పెద్దాయన మనిషి రెండో ఆయన బస్సుల్ని చూస్తాడు, రెండో ఆయన మనిషి ఒంటి బస్సుని, ఒంటి బస్సు ఆయన బావమరిది పెద్దాయన బస్సుల్ని.

తలల లెక్కలో ఇంకో తలుపు తెరిచి ఉంటుంది. వేరే బస్సులో కొన్న రిటర్న్ టికెట్టుతో ఎక్కినవాళ్లకు కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొడతాడు, ఆ తల తన బస్సు ఖాతాలో పడుతుంది. లేని మనిషికి సున్నా టికెట్టు కొట్టుకుంటూ పోతే? అసలు టికెట్టు నంబరు కొడితే తప్ప సున్నా టికెట్టు రాకుండా, ఒక నంబరు ఒక్కసారే పనిచేసేలా మిషన్‌లో పెట్టించాం. పాసుకి రోజుకి రెండు సార్లు మించి తల లెక్కలోకి రాదు. విద్యార్థి నాలుగుసార్లు ఎక్కినా ఎక్కనివ్వాల్సిందే, వాటా మాత్రం రెండుసార్లకే.

తడి చేతులు, టికెట్ కాగితం

మిషన్ల గురించి ఎక్కువ రాయను. ఎవరు అమ్మినా పని ఒకటే. స్టేజీల పేర్లు కలపడం మాత్రం అనుకున్న దానికన్నా ఎక్కువ రోజులు పట్టింది. ఒకరి మిషన్‌లో భంజ విహార్, ఇంకొకరి దాంట్లో యూనివర్సిటీ గేటు, మూడో ఆయన దాంట్లో అక్కడి టీ బడ్డీ పేరు. ఒక స్టాపుకి మూడు పేర్లుంటే ఛార్జీ మూడు రకాలుగా వస్తుంది. స్టేజీలకు వరుసగా నంబర్లు ఇచ్చి, టికెట్టు మీద ఆ నంబరు పెద్దగా పడేలా చేశాం. అంకెలు అందరూ చదువుతారు.

అసలు ఇబ్బంది చేపల ఆడవాళ్ల దగ్గర వచ్చింది. మిషన్ టికెట్టు పల్చటి కాగితం. పొద్దున కొన్న రిటర్న్ టికెట్టుని కొంగున ముడేసుకుని రోజంతా మంచు ముక్కల మధ్య, చేపల నీళ్లలో పని చేస్తే సాయంత్రానికి అది పిండి ముద్ద అవుతుంది. అక్షరాలు చెరిగిపోతే కండక్టరు ఒప్పుకోడు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదని అందరికీ తెలుసు, కానీ నంబరు లేకుండా సున్నా టికెట్టు రాదు. వాళ్ల కోసం వారం పాసు విడిగా పెట్టాం. గట్టి అట్ట, పైన ప్లాస్టిక్ పొర, అంచున రోజుకి రెండు గళ్లు, ఎక్కినప్పుడల్లా కండక్టరు పంచ్‌తో చిల్లు వేస్తాడు. పాసు నంబరు మిషన్‌లో కొడతాడు. దేశమంతా ఒకే కార్డు అంటూ 2019 మార్చిలో వచ్చిన ఎన్‌సీఎంసీ కార్డు గురించి రెండో ఆయన ఉత్సాహంగా అడిగారు. మెట్రోల్లో, పెద్ద కార్పొరేషన్లలో అది బాగా పనిచేస్తుంది. మా రోడ్డు మీద వారానికోసారి డబ్బు చేతికి వచ్చే మనిషికి చిల్లుల అట్టే సరిపోయింది. యూపీఐ చెల్లింపులు మాత్రం మొదటి రోజు నుంచే తీసుకున్నాం. ఆ డబ్బు ఏ ఓనరు ఖాతాలోకీ కాకుండా నేరుగా పూల్ ఖాతాలో పడుతుంది.

రంగు

ఇక రంగు. నేను రాకముందే ఓనర్లు తలా ఒక బస్సుకి ఒకే రకం పెయింటు వేయించి చూశారు. పెద్ద కంపెనీలా కనపడతామని వాళ్ల ఆశ. లెక్క పాతదే కాబట్టి రేసు పాతదే. రేసు చేసే మూడు బస్సులూ ఇప్పుడు ఒకేలా ఉన్నాయి, అంతే తేడా. ఒక కండక్టరు దురుసుగా మాట్లాడితే ముగ్గురికీ చెడ్డపేరు. నెల తిరక్కుండానే పెద్దాయన తన బస్సుకి మళ్లీ పాత రంగు కొట్టించేశారు.

అప్పట్లో గోపాలపూర్ స్టాపులో గంప దించుకుని కూర్చున్న ఒక పెద్దావిడ నాతో అన్న మాటలు అలాగే రాస్తున్నాను. "పచ్చ బస్సోడు గంప ఎక్కనిస్తాడు, పైసలు కూడా అడగడు. నీలం బస్సోడు ఎక్కనివ్వడు. ఎరుపోడు ఎక్కనిస్తాడు గానీ గంపకి కూడా టికెట్టు కోస్తాడు. మాకు రంగు చూస్తే తెలిసిపోయేది బాబూ. ఇప్పుడు దగ్గరికొచ్చి ఆగేదాకా పోల్చుకోలేకపోతున్నాం. గంప నెత్తికెత్తుకున్నాక కాదంటే మళ్లీ దించుకోవాల."

ఆ తర్వాతి మీటింగులో ఆమె మాటల్నే ఓనర్ల ముందు పెట్టాను. జనానికి రంగు అంటే ఓనరు పేరు కాదు. గంప సంగతి, చిల్లర సంగతి, ఏ దారిన వెళ్తుందన్న సంగతి, అన్నీ ఆ రంగులోనే చదువుకుంటున్నారు. రంగు ఒకటి చేస్తే ఆ మర్యాదలన్నీ కూడా ఒకటి చేయాలి. లేకపోతే చదువురాని వాళ్ల చేతిలో ఉన్న ఒక్క ఆధారాన్నీ లాగేసుకున్నట్టే.

కాబట్టి రెండోసారి పెయింటు వేసే ముందు గంపల నిబంధన రాశాం. ప్రతి బస్సులోనూ వెనక సీట్ల వరుస ఒకటి తీసేసి రేకు పరిచిన జాగా, నీళ్లు కారడానికి కింద గొట్టం, గంపకి ఒకే ఛార్జీ. సీట్లు పోతాయని రెండో ఆయన బాధపడ్డారు. పొద్దుటి ట్రిప్పుల్లో ఆ జాగా ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఇక రంగు ఓనర్ని బట్టి కాకుండా దారిని బట్టి ఉండాలని నిర్ణయించాం. ఒళ్లంతా తెలుపు, నడుముకి వెడల్పు పట్టీ. మెడికల్ కాలేజీ మీదుగా వెళ్లే బస్సుకి ఎర్ర పట్టీ, బైపాస్ మీదుగా వెళ్లేదానికి ఆకుపచ్చ. సియోల్ వాళ్లు చేసింది ఇంచుమించు ఇదే: ఊరిని అడ్డంగా దాటే ప్రధాన రూట్లకు నీలం, వాటికి జనాన్ని అందించే చిన్న రూట్లకు ఆకుపచ్చ, శివారు నుంచి వచ్చేవాటికి ఎరుపు, నడిబొడ్డున చుట్టు తిరిగేవాటికి పసుపు. కేరళలో 2018లో ప్రైవేటు బస్సులకు ప్రభుత్వమే రంగులు నిర్ణయించింది. సిటీ బస్సులకు ఆకుపచ్చ, మామూలు బస్సులకు నీలం, లిమిటెడ్ స్టాపులకు మెరూన్. ఎవరి బస్సన్నది రంగులో తెలియదు, ఎలాంటి బస్సన్నది తెలుస్తుంది. మాకు దారి తేలితే చాలు.

చిక్కు ఒకటి ఉంది. ఒకే బస్సు పొద్దున ఒక దారిన, మధ్యాహ్నం ఇంకో దారిన వెళ్లే ట్రిప్పులుంటే పట్టీ అబద్ధం చెప్తుంది. ట్రిప్పుల్ని మళ్లీ అల్లి, ఏ బస్సు రోజంతా ఏ దారిలో ఉండాలో స్థిరం చేశాం. ఒంటి బస్సు ఆయనది మాత్రం రెండు దారుల్లోనూ తిరగక తప్పదు. దానికి పట్టీ బదులు ముందు అద్దం కింద తగిలించే రంగు పలక. దూరం నుంచి అంత బాగా కనపడదు, ఇంకో మంచి ఉపాయం దొరకలేదు. బోర్డు మీద ఒడియా పైన, ఇంగ్లీషు కింద. వాటి పక్కన ఆస్పత్రికి ప్లస్ గుర్తు, యూనివర్సిటీకి పుస్తకం, గోపాలపూర్‌కి లైట్‌హౌస్ బొమ్మ. తెలుగు కూడా రాయమని కొందరు అడిగారు. బొమ్మలతో పని జరిగిపోయింది, ఆ చర్చ ముందుకు సాగలేదు.

కాగితాలు

ఆర్సీలో, అంటే బస్సు రిజిస్ట్రేషన్ కాగితంలో రంగు గడి ఉంటుంది. పెయింటు మారిస్తే ఆర్టీవో ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. పర్మిట్లు ఎవరివి వాళ్ల పేరు మీదే ఉంచాం. యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం కేసు ఆ బస్సు ఓనరు మీదా, ఇన్సూరెన్స్ మీదా నడుస్తుంది, పూల్ మీద కాదు. అందుకని బస్సు పక్కన, టికెట్టు కింద ఆ బస్సు ఓనరు పేరు చిన్న అక్షరాల్లో తప్పకుండా ఉండాలి. ఏసీ లేని స్టేజ్ క్యారేజీ (స్టాపుల్లో ఎక్కించి దించే మామూలు బస్సు) ప్రయాణానికి జీఎస్టీ లేదు కాబట్టి ఆ తలనొప్పి రాలేదు. ఎవరి వాటా వాళ్ల ఆదాయంగా పుస్తకాల్లో చూపించుకుంటారు.

పోటీదారులు కలిసి ధర నిర్ణయిస్తే 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఒప్పుకోదు. మా దగ్గర మామూలు ఛార్జీ ఎంతన్నది ఓనర్ల చేతిలో లేదు, కిలోమీటరుకి ఇంతని ప్రభుత్వమే చెప్తుంది. ఒప్పందంలో ఛార్జీల మాటే లేకుండా చూసుకున్నాం. పాసు రాయితీ, గంప ఛార్జీల గురించి మాత్రం వకీలుకి చూపించి, పై పరిమితికి లోబడి పెట్టాం. ఇంకో ఓనరు ఈ రూట్లో పర్మిట్ తెచ్చుకుంటే అవే షరతుల మీద పూల్‌లో చేరొచ్చన్న వాక్యం కూడా ఆయన సలహాయే. తలుపు మూసి చేసుకునే ఒప్పందం కోర్టులో నిలవదన్నారు.

ఇచ్ఛాపురం వైపు బస్సుల్ని కూడా కలపమని చాలామంది అడుగుతున్నారు. అది రాష్ట్రం దాటే రూటు, పర్మిట్ మీద అవతలి రాష్ట్రం సంతకం కావాలి. పైగా 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో పల్లె వెలుగు వంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. అక్కడ ఉచితంగా తిరిగి వచ్చిన వాళ్లని ఇక్కడ టికెట్టు కొనమంటే కండక్టరుకి రోజూ గొడవే. మా పూల్ ఆ భారం మోయలేదు.

జాత్రలో వచ్చిన గొడవ

బరంపురం అమ్మవారి ఉత్సవం బుఢీ ఠాకురాణి జాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో బరంపురంలో బస్సుకి ఉన్న గిరాకీ చెప్పలేనిది. జాత్ర నడుస్తుండగా రెండో ఆయన రెండు బస్సుల్ని పూల్ ట్రిప్పుల నుంచి తీసి పెళ్లి, జాత్ర స్పెషల్స్‌కి పంపేశారు. మిగతా ఇద్దరి బస్సులు జనంతో విరిగిపోతుంటే ఆయన స్పెషల్ డబ్బు సొంత ఖాతాలో వేసుకున్నారు. ఒప్పందంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. పెద్దాయన పూల్ మానేస్తానన్నారు, రెండు రోజులు రాత్రి లెక్కకి ఫోను ఎత్తలేదు.

సర్దుబాటు ఇలా కుదిరింది. స్పెషల్‌కి వెళ్లే హక్కు అందరికీ ఉంటుంది, కానీ ముందు రోజే చెప్పాలి. బదులు బస్సు పెట్టాలి, లేకపోతే ఆ రోజు తప్పిన కిలోమీటర్లకు రెట్టింపు తన వాటాలోంచి పూల్‌కి కట్టాలి. బస్సు చెడిపోయి ట్రిప్పు తప్పితే మాత్రం ఈ జరిమానా లేదు, ఆ రోజు వాటా రాదంతే. ఒంటి బస్సు ఆయనకి రిపేరు వస్తే బండే ఉండదు కాబట్టి పెద్దాయన స్పేర్ బస్సుని రోజు అద్దెకి ఇస్తారు. ఈ చివరి మాట కాగితం మీద లేదు. పెద్దాయన నోటి మాటగా ఇచ్చారు, ఇప్పటిదాకా తప్పలేదు.

ఇప్పుడు ఎక్కడున్నాం

బస్సులు స్టాండులో నిండేదాకా ఆగడం పోయింది. టైమింగుల మధ్య ఎడం సమంగా ఉంది. షేర్ ఆటోలు పూర్తిగా తగ్గలేదు, కానీ యూనివర్సిటీ పిల్లల్లో పాసు కొనేవాళ్లు స్పష్టంగా పెరిగారు. పెద్దాయనకు లోటు భర్తీ అవసరం మొదటి నెలల్లోనే వచ్చింది, తర్వాత రాలేదు. రాత్రి చివరి బస్సు, ఇదివరకు ఎవరూ నడపనన్నది, ఇప్పుడు ముగ్గురూ వంతులవారీగా నడుపుతున్నారు. ఖాళీగా వెళ్లినా కిలోమీటర్ల వాటా వస్తుంది కదా. ఆస్పత్రిలో మనిషిని పెట్టుకుని రాత్రి ఇంటికి పోవాల్సిన వాళ్లకు ఆ ఒక్క బస్సు ఎంత అవసరమో నేను వేరే చెప్పక్కర్లేదు.

తేలనిది ప్రభుత్వ సిటీ బస్సుల సంగతి. అవి కొంత దూరం ఇదే రోడ్డులో తిరుగుతాయి, మా టికెట్టు అక్కడ చెల్లదు, అక్కడిది మా దగ్గర చెల్లదు. జర్మనీలో హాంబర్గ్ నగరంలో 1965లో ఏర్పడిన రవాణా సంఘం ప్రభుత్వ రైలునీ, బస్సునీ, ఫెర్రీనీ ఒకే టికెట్టు కిందికి తెచ్చింది. మాంచెస్టర్ ప్రాంతం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టి 2025 జనవరికల్లా పాత ప్రైవేటు రూట్లన్నిటినీ ఒకే పసుపు రంగు కింద, ఒకే ఛార్జీ కింద చేర్చింది. రెండు చోట్లా చొరవ తీసుకున్నది ప్రభుత్వం వైపు వాళ్లే. మా ముగ్గురూ విద్యార్థి పాసు వరకైనా పరస్పరం ఒప్పుకుందామని ఉత్తరం రాశారు. తలల లెక్కన చెల్లింపు, మిషన్ డేటా ఎవరి దగ్గర ఉండాలి, లెక్క ఎవరు ఆడిట్ చేయాలి అన్న మూడు విషయాల మీద ముసాయిదా నేను తయారుచేసి ఇచ్చాను. జవాబు రావాల్సి ఉంది. ఈలోగా పెద్దాయన కొత్త బస్సు ఒకటి బుక్ చేశారు, ఆకుపచ్చ పట్టీతోనే బాడీ కట్టిస్తున్నారు.